ఎవరింటి ఆడమనిషి

మహేశ్వరి అదే వాక్యాన్ని మళ్ళీ కొట్టేసింది. కన్నడ నవలలో ఒక తల్లి కొడుకును తిట్టే తిట్టు. అక్కడ ముళ్ళకంపలా ఉన్నది తెలుగులోకి వచ్చేసరికి మెత్తబడిపోతోంది. లేచి వాకిలి దాకా వెళ్ళింది. ముదిగుబ్బ మీద మబ్బు కమ్మినట్టే కమ్మి, గాలికి కదిరి వైపు జరిగిపోతోంది. తిరిగొచ్చి కూర్చుంది. కూర్చోబుద్ధి కాలేదు.

యాభైకి దగ్గరపడిన మనిషి. తెలుగులో ఒక నవల, కన్నడంలో ఒక నవల రాసింది. రెండూ చదివినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అనువాదాలు చాలా చేసింది కానీ, తిండి పెట్టేవి మాత్రం పురుగుమందు డబ్బాల మీది హెచ్చరికలు. వాటిని రెండు భాషల్లోనూ తనే రాసిస్తుంది. "మీ అనువాదం నున్నగా జారిపోతుందమ్మా" అని ప్రచురణకర్త మెచ్చుకున్నప్పటి నుంచి ఆమెకు తన రాత మీద అనుమానం పట్టుకుంది.

కన్నడం ఆమెకు నాయన పెట్టిన భిక్ష. బసప్ప పావగడ వైపు నుంచి గొర్రెలు తోలుకుంటూ వచ్చి, నల్లమ్మను చేసుకుని ఇక్కడే నిలిచిపోయాడు. భార్యతో తెలుగు, కూతురితోనూ గొర్రెలతోనూ కన్నడం. పోయిన నెల వచ్చిన పక్షవాతం ఆయన కుడిచేతినీ, తెలుగునూ ఒకేసారి తీసుకుపోయింది. మిగిలిన కన్నడం కూడా ముద్దముద్దగా, కూతురికి తప్ప ఎవరికీ అందకుండా వస్తోంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇద్దరి నడుమ ఇప్పుడు మహేశ్వరి కూర్చోవలసి వచ్చింది.

నల్లమ్మ రాగిజావ తాగిస్తుంటే బసప్ప ఏదో గొణిగాడు.

"ఏమంటాండాడే?"

"నువ్వు తిన్నావా అని అడుగుతాండాడు."

నల్లమ్మ గిన్నె కింద పెట్టింది. "నిన్నా అదే చెప్తివి, మొన్నా అదే చెప్తివి. ఇన్నేండ్లలో ఒక్కనాడు అడగని మనిషి ఇప్పుడు అడుగుతాడా? ఆయప్ప మొకం చూస్తే తెలీదా నాకు? నిజం చెప్పు."

మహేశ్వరి లేవబోయింది. తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. చెనక్కాయ చెట్లు పీకి పీకి కాయలు కాసిన చెయ్యి అది. వదల్లేదు.

"ఎవరీమె అంటాండాడు మా. పొద్దున్నుంచి నాకు చాకిరీ చేస్తాంది, ఎవరింటి ఆడమనిషో పాపం, ఇంటికి పంపు, మొగుడు ఎదురు చూస్తాంటాడు అంటాండాడు."

అనేశాక నాలుక కొరుక్కుంది. నల్లమ్మ కొంగుతో భర్త గడ్డం మీది జావ తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"ఆమె మొగుడు ఈడే ఉండాడని చెప్పు."

మహేశ్వరి తండ్రి చెవి దగ్గరికి వంగింది. చిన్న వాక్యమే. కన్నడంలో దానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. అయినా కాస్త ఆలస్యంగా బయటికి వచ్చింది. బసప్ప తల తిప్పి నల్లమ్మను చూశాడు. దారి అడగబోయి మొహమాటపడి ఆగిపోయిన పరాయి ఊరి మనిషిలా చూశాడు. తర్వాత రెండే మాటలన్నాడు.

"ఏమన్యాడు?"

"అట్లయితే ఉండనీ అన్నాడు."

"నిజంగానా?"

"నిజమే మా. ఒక్క అక్షరం మార్చలేదు."

మహేశ్వరి బల్ల దగ్గరికి వెళ్ళిందేగాని చెవి పక్క గదిలోనే ఉంది. నల్లమ్మ మాట్లాడుతోంది. ఈనిన గొర్రె గురించి, విత్తనానికి పదునైనా కాని వాన గురించి, ఆయన మొదటిసారి తన చేతి సంగటీ పచ్చడీ తిని కారం ఎక్కువైందని ఏడ్చిన సంగతి. అంతా తెలుగే. కూతుర్ని పిలవలేదు, చెప్పమనలేదు. మధ్యమధ్య బసప్ప ఊఁ కొడుతున్నాడు.

మిట్టమధ్యాహ్నానికి ఊఁ వినపడటం మానేసింది. నల్లమ్మ మాత్రం ఇంకాసేపు మాట్లాడి, అప్పుడు కూతుర్ని పిలిచింది.

పొద్దువాలేలోగా మట్టి చేసి వచ్చారు. ఇల్లు కడిగేందుకు మంచం వాకిట్లో వేశారు. దాని మీద ఆయన నల్ల కంబళి, ఒక అంచు నేలకు జారి, గాలి వచ్చినప్పుడల్లా కాస్త లేచి పడుతోంది.