బావ కడిగిన రాళ్ళు

బావ లాండ్రీలో మురికికి నిలువ నీడ ఉండేది కాదు. కాలర్ మీద సిరామరక, చొక్కా మీద గ్రీజు, కర్టెన్లకి పట్టిన ఏళ్ళనాటి పొగ, ఏదైనా సరే, ఆయన చేతిలో పడిందంటే దానికి నూకలు చెల్లినట్టే. ఒక్కోసారి బట్టలు తెచ్చిన సంచిని కూడా ఉతికి ఇచ్చేవాడు. "ఇంకాసేపు నిలబడితే మిమ్మల్ని కూడా నానబెట్టేస్తాడు, త్వరగా వెళ్ళండి" అని కౌంటర్లో కూర్చున్న అక్క వచ్చినవాళ్ళని నవ్వించేది.

చిన్నోడికి ఆ షాపు తలుచుకుంటే ముందు వినిపించేది ఆ నవ్వే. పేరుకి చిన్నోడు గానీ యాభై దాటాయి, మీసం నెరిసింది, చుట్టుపక్కల సగం ఇళ్ళకి కరెంటు పని చేసింది అతనే. అక్క పెట్టిన పిలుపు మాత్రం అతన్ని వదల్లేదు. పని ముగించుకుని సాయంత్రం లాండ్రీకి వెళ్ళేవాడు. ఇస్త్రీ బల్ల పక్కన, ఆవిరి వెచ్చదనంలో స్టూలు వేసుకునేవాడు. అక్క టీ కప్పు చేతిలో పెట్టి లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! ముగ్గురిలో మాట్లాడేది ఒక్కరే. మిగతా ఇద్దరికీ అది చాలేది.

కిందటి చలికాలంలో అక్క పోయింది. బావ షాపు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. చిన్నోడు వెళ్ళేవాడు.

"తిన్నావా బావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

అక్కడితో సరి. రోజూ వెళ్ళేవాడు వారానికోసారి వెళ్ళడం మొదలుపెట్టాడు, తర్వాత అదీ తగ్గింది. మధ్యలో మనిషి లేకపోయాక బావేంటి, బావమరిదేంటి? అక్కతో పాటు బావ కూడా దూరమైపోతాడేమో, అదీ బతికుండగానే, అని చిన్నోడికి భయం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో బావే ఫోన్ చేశాడు. "మీ అక్క గాజు తొట్టి ఉందిగా. దాని సంగతి చూద్దాం, రా."

ఆ తొట్టిని అక్క ఎప్పుడో, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నది. అందులో సముద్రపు చేపలు పెంచాలని ఆమె కోరిక. నారింజ రంగు ఒంటి మీద తెల్లచారలుండే బుజ్జి చేపలు. "వచ్చే ఏడాది" అంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. ఈలోగా జత తప్పిన సాక్సులు అందులో కాపురం పెట్టాయి.

ఇద్దరూ చేపల షాపుకి వెళ్ళారు. అడుగు పెట్టగానే బావ కన్ను ఒక పొడుగాటి యంత్రం మీద పడింది. నీటిలోని మలినాన్ని నురగ కట్టించి బయటికి తోసేస్తుందట. నురగ అన్న మాట వినగానే ఆయన ముఖం వెలిగింది. తన జాతివాణ్ణి చూసినట్టు దాని చుట్టూ తిరిగాడు.

"ఇంత చిన్న తొట్టికి అది అక్కర్లేదండీ" అంది షాపు నడిపే ఆవిడ. "వారం వారం కాసిని నీళ్ళు మార్చుకోండి, చాలు. అంచుకి తగిలించే ఈ చిన్న ఫిల్టర్, అలలు పుట్టించే పంపు, హీటర్. ఉప్పు కొలిచే పరికరం మాత్రం మరీ చౌకది కొనకండి. మిగిలిన డబ్బంతా రాళ్ళ మీద పెట్టండి."

"రాళ్ళ మీదా?" అన్నాడు చిన్నోడు.

ఆవిడ నీళ్ళలోంచి ఒక రాయి తీసింది. గోధుమరంగు, ఒళ్ళంతా రంధ్రాలు, జిగురు, నీచు వాసన. "ఇవి ప్రాణమున్న రాళ్ళు. చేపల మలినాన్ని హరించే సూక్ష్మజీవులు వీటి నిండా ఉంటాయి. అసలు ఫిల్టర్ ఇదే. ఆరనివ్వకండి, కడగకండి."

ఈ మాట చిన్నోడు విన్నాడు. బావ ఇంకా నురగ యంత్రం దగ్గరే ఉన్నాడు.

తీగ వెంట జారే నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా చిన్నోడు ప్రతి తీగనీ కిందికి వంపు తిప్పి బిగించాడు. సబ్బుపొడి కొలిచిన చేతితో బావ ఉప్పు కొలిచి కలిపాడు. ఆ తర్వాత ఎదురుచూపు. రాళ్ళలోని జీవులు కుదురుకుని నీళ్ళలో విషం పోయేదాకా చేపలు వేయకూడదు. రోజూ సాయంత్రం చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూడాలి. తెలుపులోనే పాతిక తెలుపులు చూసిన బావకి ఆ పని అప్పజెప్పాడు చిన్నోడు.

ఖాళీ నీళ్ళ ముందు కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ముందు పంపు గురించి, తర్వాత అక్క గురించి. బావకి ఇన్ని మాటలొచ్చని చిన్నోడికి అప్పుడే తెలిసింది. నెల దాటాక రంగు కుదిరింది. "రేపు చేపలు తెచ్చుకుందాం" అనుకున్నారు.

మర్నాడు చిన్నోడు వెళ్ళేసరికి తొట్టి తళతళలాడుతోంది. రాళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఇల్లంతా బ్లీచింగ్ వాసన. బావ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎలా ఉంది? బ్రష్షుతో తోమి, వేడినీళ్ళలో నానబెట్టాను. కొత్తవాళ్ళు వస్తుంటే ఇల్లు కడిగిపెట్టమూ?"

"ఎంత పని చేశావు బావా!" చిన్నోడు అరిచేశాడు. "ఇన్నాళ్ళూ పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే! ఆ మురికిలోనేగా ప్రాణముంది! చంపేశావు కదా!"

బావ ముఖం పాలిపోయింది. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"మీ అక్క పోయిన వారానికే ఆవిడ బట్టలన్నీ ఉతికేశానురా. చేతులు ఊరుకోలేదు. ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. ఒకరోజు ఉండబట్టలేక తలుపు తీసి ముఖం పెట్టి చూశాను. సబ్బు. ఏది తీసినా సబ్బు వాసనే. ఆవిడ ఎక్కడా లేదు."

చిన్నోడి కోపం ఎటు పోయిందో పోయింది. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచాడు.

గంటలో తిరిగొచ్చాడు, చేతిలో కవరుతో. అందులో ఒక పాత స్వెటర్. ఆసుపత్రిలో చివరిసారి అక్క తీసి చేతికిస్తే ఇంటికి పట్టుకెళ్ళిపోయాడు. తిరిగి ఇవ్వాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ ఇవ్వలేకపోయాడు.

"దీన్ని ఉతకలేదు బావా."

బావ రెండు చేతులా అందుకుని ముఖానికి అదుముకున్నాడు. భుజాలు కదిలాయి. చిన్నోడు పక్కనే కూర్చుని, తనూ ఏడ్చాడు. దాచుకోలేదు.

కాసేపటికి బావ స్వెటర్‌ని జాగ్రత్తగా మడిచి, కవర్లో పెట్టి, చిన్నోడి ఒళ్ళో ఉంచాడు.

"నీ దగ్గరే ఉంచుకో. నా చేతుల్ని నేను నమ్మను. అప్పుడప్పుడూ పట్టుకురా."

"రేపు తెస్తాను" అన్నాడు చిన్నోడు.