రెండో సంతకం

ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవడం మా ఆయన వరప్రసాద్‌కి చేతకాదు. ఇంజనీరు ఉద్యోగం కోసం ఇద్దరు ఏజెంట్లకు కాగితాలిచ్చి, ఏ వీసా ముందొస్తే దాని మీద కువైట్‌లో దిగిన మనిషి. ఇక్కడ మేముండే అబ్బాసియాలో వంకాయలు కూడా రెండు కొట్లలో అడిగి గానీ కొనరు.

మా అమ్మాయి నిత్యకు అమెరికాలో ఒకే కాలేజీ మీద మనసు. సముద్రాల గురించి చెప్పే చిన్న కాలేజీ. దానికి ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతిలో పెడతానంది. సీటిస్తే తప్పక చేరతాం, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకుంటాం అని పిల్ల, తండ్రో తల్లో, స్కూల్ కౌన్సిలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆ పద్ధతిలో ఒక్క చోటికే పెట్టాలి.

మా ఆయన సంతకం పెట్టారు. అంతటితో ఊరుకున్నారా? పెద్ద పేరున్న ఇంకో యూనివర్సిటీకీ అదే పద్ధతిలో పెట్టించి, దాని మీదా సంతకం చేశారు. “ఏది ముందొస్తే అది చూసుకుందాం నాన్నా,” అన్నారు. నిత్య ముఖం చిన్నబుచ్చుకునే ఆ ఫారం నింపింది. నాకు ఒళ్లు మండింది. ఇంజనీరు గారికి చెప్పేదెవరు?

మర్నాడు రెండు ఫారాలూ కౌన్సిలర్ సంతకానికి చేరగానే స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. కౌన్సిలర్ హుస్సేన్ బీ మేడమ్‌ది కడప. తలచుకుంటే ప్రిన్సిపాల్‌కి చెప్పి నిత్యను నలుగురిలో నిలబెట్టగలదు. అలా చేయలేదు. మా ముగ్గురినీ గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది.

“సార్, ఒక ఇఖామా మీద ఇద్దరు కఫీళ్ల పేర్లు ఉంటాయా?”

“ఉండవు మేడమ్.” కువైట్‌లో ఉండనిచ్చే కార్డే ఇఖామా; దానికి పూచీపడే యజమాని, కఫీల్, ఒక్కడే ఉంటాడు.

“ఇదీ అంతే. రెండు చోట్లా మాటిచ్చినారని తెలిస్తే రెండూ ఖలాస్. రెండోదానికి నేను సంతకం పెట్టను. ఏది ఉంచుకోవాల్నో పాపనే చెప్పనీండి.”

మా ఆయన ఏదో అనబోయారు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది. నిత్య తండ్రి వంక చూసి, “చిన్న కాలేజీయే నాన్నా,” అంది. ఇన్నాళ్లూ ఆ పిల్లను ఎవరూ అడగనే లేదని నాకప్పుడు తెలిసింది.

“అదే ఉంచండి మేడమ్,” అన్నారు మా ఆయన. పెద్ద యూనివర్సిటీని తప్పక చేరాలన్న కట్టుబాటు లేని మామూలు పద్ధతిలోకి మార్చుకున్నాం.

డిసెంబరులో సీటొచ్చింది. నిత్యా నేనూ పట్టుకుని ఏడ్చాం. మా ఆయన మాత్రం, “ముందు మిగతావి వెనక్కి తీసుకో, మాటిచ్చాం,” అంటూ పక్కన కూర్చున్నారు. పెద్ద యూనివర్సిటీ వంతు వచ్చేసరికి నిత్య ఆగింది. ఆయనే చెయ్యి చాపి రద్దు నొక్కారు. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

శుక్రవారం సున్నుండలు చేసుకుని అర్దియాలో మేడమ్ ఇంటికి వెళ్లాం. “ఆ రోజు మీరు సంతకం పెట్టకపోబట్టి...” అంటూ మా ఆయన సున్నుండల డబ్బా ముందుకు చాపారు.

మేడమ్ డబ్బా అందుకుని నవ్వింది. “నా దగ్గరికి అందరూ సంతకం పెట్టమనే వస్తాంటారు సార్. పెట్టనందుకు మిఠాయి తెచ్చినోళ్లు మీరే.”