మూటలో కంచం

మెదక్ పెద్ద చర్చికి పోదామని కోడలు లస్మవ్వ అన్ననాడే రత్నవ్వ గుండెల్లో రాయి పడింది. నడుము కింద పనిచేయని మనిషిని ఆర్మూరు నుంచి బస్సులు మార్చి అంత దూరం ఎవరైనా ఊరికే తీసుకుపోతారా? పండగా కాదు, పబ్బమూ కాదు. మార్చి నెల, పసుపు సీజను. మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే కొడుకు రాజానికి ఊపిరి తీసుకునే తీరిక లేదు. వాడు రాడట. అత్తాకోడళ్లిద్దరే పోవాలట. ఎందుకే అని ఎన్నిసార్లు అడిగినా, పోవాలె అంటుందే తప్ప ఆ పిల్ల ఇంకో ముక్క చెప్పదు.

మూడేళ్ల కింద, ఎనభై అయిదులో, యార్డులో రాలిన పసుపు కొమ్ములు ఏరుతుంటే బస్తాలు మీద కూలి రత్నవ్వ నడుము విరిగింది. కాళ్లు పోతేనేం, చేతులున్నాయి కదా అని కూర్చున్నచోటే బీడీలు చుట్టింది. తన తిండి తాను సంపాదించుకుంటున్నానన్న ధీమాతో ఇంట్లో అందరి మీదా నోరు చేసుకునేది. ఈ మధ్య వేళ్లు కూడా వణుకుతున్నాయి. చుట్టిన బీడీల్లో సగం కార్ఖానావాళ్లు వాపసు పంపుతున్నారు. ఇక తనతో ఎవరికేం పని? సరిగ్గా ఇప్పుడే కోడలికి చర్చి గుర్తొచ్చింది. ఎందుకు రాదు మరి!

బయలుదేరే పొద్దున లస్మవ్వ మూట కడుతుంటే రత్నవ్వ ఓరకంట చూసింది. ఒక పాత చీర, ఒక దుప్పటి, సొట్టలు పడ్డ సత్తు కంచం. అంతే. అన్నం గిన్నె లేదు, తొక్కు పచ్చడి సీసా లేదు. అన్నం లేకుండా కంచం దేనికమ్మా? కాళ్లున్న రోజుల్లో ఆ చర్చికి పోయినప్పుడు, మెట్ల మీద వరసగా కూర్చుని అడుక్కునేవాళ్లలో ఒక కుంటి ముసలమ్మను చూసింది. నీళ్లు తెస్తానని పోయిన కొడుకు మళ్లీ రాలేదని ఆమె ఏడుస్తుంటే, ఆ కొడుకును రత్నవ్వే నోరారా తిట్టింది. ఆ ముసలమ్మ ముందు కూడా ఇలాంటి కంచమే ఉంది.

కండక్టరూ లస్మవ్వా కలిసి ఎత్తి బస్సులో కూర్చోబెట్టారు. బస్సు కదలగానే రత్నవ్వ మెల్లగా కోడలి కొంగు లాగి తన కొంగుకు ముడేసింది. జాతరలో పిల్లలు తప్పిపోకుండా తల్లులు వేసే ముడే అది. కామారెడ్డిలో దిగేటప్పుడు లస్మవ్వ ముడి చూసింది. కోప్పడలేదు, నవ్వలేదు, విప్పనూ లేదు. రత్నవ్వకు అదీ అనుమానమే. కడుపులో ఏదో పెట్టుకున్నవాళ్లే ఇలా కిక్కురుమనకుండా ఉంటారు.

మెదక్‌లో రిక్షా దిగాక ఆకాశమంత ఎత్తున్న గోపురాన్ని రత్నవ్వ తలెత్తి కూడా చూడలేదు. ఆమె కళ్లు మెట్ల మీదే ఉన్నాయి. చర్చి పెద్దాయన ఒకాయన ఎదురొచ్చి, కుర్చీ తెప్పిస్తానని, ఇద్దరు మనుషులు మోసుకుపోతారని మర్యాదగానే చెప్పాడు. రత్నవ్వ ససేమిరా అంది. ఎత్తుకుపోయి ఎక్కడ దించుతారో ఎవరికి తెలుసు? వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు పైమెట్టు మీద ఆనించి, ఒళ్లు పైకి లాక్కుంటూ ఒక్కో మెట్టే ఎక్కింది. ముడి ఊడకుండా లస్మవ్వ పక్కనే వంగి నడిచింది. నాలుగో మెట్టుకు చేతులు జవాబిచ్చాయి. సరిగ్గా అక్కడే అడుక్కునేవాళ్ల వరస మొదలైంది.

"జర ఈడ్నే కూసో అత్తా," అంది లస్మవ్వ.

దుప్పటి పరిచింది. మూటలోంచి కంచం తీసింది. ఆ తర్వాత, పొద్దుటి నుంచీ ముట్టని ముడిని నిదానంగా విప్పింది.

రత్నవ్వ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి బతిమాలింది. "ఇడిశిపెట్టి పోకే లస్మీ. సగం బువ్వే పెట్టు. నోరు మూసుకోని పడుంట."

లస్మవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, పాత చీర తల మీద కప్పుకుని, వరస చివర తానే పోయి కూర్చుంది. వచ్చేపోయేవాళ్ల ముందు కంచం చాపింది. ఎవరో అరటిపండు వేశారు. ఎవరో పిడికెడు అటుకులు వేశారు. అయిదుగురు వేసేదాకా తల ఎత్తలేదు.

రత్నవ్వ నోరెళ్లబెట్టింది. భిక్షమెత్తుకుని తినే మొక్కు! తీరేదాకా బయటికి చెప్తే అది చెల్లదు. ఊళ్లో హిందువులైనా కిరస్తానీలైనా అంతే. ఇంత తెలిసీ తనకు ఎందుకు తట్టలేదు? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కోడలు కంచంతో తిరిగొచ్చి పక్కన కూర్చోగానే, నా పానం కోసం మొక్కినవా బిడ్డా అని అడిగింది.

లస్మవ్వ తల అడ్డంగా ఊపింది. "కాదత్తా. నీ చేతులు వణుకుడు సురువైనంక, నిన్ను తీస్కచ్చి ఈ మెట్లకాడ దించిపోదునా అని ఒక్కదినం అనుకున్న. రాజంకు సుతం చెప్పలే. మల్ల నన్ను జూస్తె నాకే బయమైంది. నిన్ను కూసోవెడుదామనుకున్న జాగల నేనే కూసుంటనని మొక్కిన."

అంటే తన అనుమానం నిజమే. పొద్దుటి నుంచీ ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్న రత్నవ్వకు, తీరా వినేసరికి కోపం రాలేదు. కంచంలోంచి అరటిపండు తీసి ఒలిచింది. వేళ్లు వణికి సగం తొక్కలోనే చితికిపోయింది. మిగిలిన సగం కోడలి నోట్లో పెట్టింది.

"ఒక్కదినమేనా?" అంది. "నా అసొంటి నోరున్న అత్తుంటె నేనైతే నెల దినాలు అనుకుందు."

లస్మవ్వ నోట్లో పండుతోనే వెక్కివెక్కి ఏడ్చింది. కుర్చీ తెమ్మంటారా అని పెద్దాయన మళ్లీ వచ్చి అడిగితే రత్నవ్వ చేత్తోనే వద్దంది. తనను వీపున ఎక్కించుకుని లోపలికి తీసుకుపొమ్మని కోడలికి చెప్పింది. లస్మవ్వ కళ్లు తుడుచుకుని వంగింది. రత్నవ్వ ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, తన బరువంతా వదిలేసింది.