మా ఇంట్లో ‘గారు’

“తులసి గారూ, ఒకసారి ఇలా దయచేస్తారా?” అని మా ఆయన హాల్లోంచి పిలిచినప్పుడు నేను కత్తిపీట ముందు కూర్చుని కంద తరుగుతున్నాను. ముందు కత్తిపీట వాల్చి గోడ వైపు జరిపాను. గాజులు పగిలి గుచ్చుకోకుండా మోచేతి మీదికి తోసుకున్నాను. పిల్ల గది వైపు చూసి, “యామినీ, టీవీ పెట్టుకోమ్మా, సౌండు పెంచుకో” అన్నాను. అన్నీ అయ్యాక అప్పుడు వెళ్ళాను.

“ఈ చొక్కా తమరే ఇస్త్రీ చేసేరాండీ?”

“ఆయ్.”

కాలరు కింద ముడత ఉందట. ఎడమ చెంప పేలిపోయింది. చెవిలో కుయ్యిమంటుండగానే మళ్ళీ వచ్చి కంద తరుక్కున్నాను. ఆ రోజు చేతులు దురద పెట్టాయో లేదో గుర్తు లేదు, చెంప మంట ముందు కంద దురద ఏ పాటిది?

మా కోనసీమలో ‘గారు’ అనిపించుకోని ప్రాణి లేదు. పాలు పోసేవాడూ గారే, కొబ్బరికాయలు దింపేవాడూ గారే, అప్పు ఎగ్గొట్టి పారిపోయినవాడు కూడా ‘ఆ దొంగ గారు’. పక్క జిల్లాల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు, తిట్టేటప్పుడు కూడా అండీలేనా మీకు అని. నాకు ఆ నవ్వు రాదు. మామూలు రోజుల్లో మా ఆయన నన్ను ‘ఏయ్’ అంటాడు, ‘ఒసేయ్’ అంటాడు. అవి నాకు చల్లటి మాటలు. అవి వినపడుతున్నంతసేపూ ఇంట్లో శాంతి ఉన్నట్టే. గారు వచ్చిందంటే వెనకాలే చెయ్యి వస్తుంది. అప్పుడు నేను ఆయన మొహం చూడను. చూస్తే ‘ఏంటండీ ఆ గుడ్లురిమి చూడ్డం’ అని ఇంకో రెండు పడతాయి. తల దించుకుని కాళ్ళు చూస్తాను. కుడికాలు ముందుకు జరిగితే చెంపదెబ్బ, ఎడమకాలు జరిగితే జుట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్య ఇది.

మా ఆయన పేరు వెంకటకృష్ణ. దోహాలో డ్రైవరుగా చేసి వచ్చి మా ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారం పెట్టాడు. మా ఊరి పేరు నగరం, పేరుకే నగరం. అక్కడ ఎవర్నైనా అడగండి, “కృష్ణగారాండీ? చీమకి కూడా అపకారం చెయ్యరండీ, మనిషిని మీరు తప్ప నువ్వనరండీ” అంటారు. నిజమే. చీమని ఎప్పుడూ కొట్టలేదు.

ఇవన్నీ పిల్లకి తెలియకూడదని నా పంతం. దెబ్బలు తింటూ ఒక్కసారి కూడా అరవలేదు. కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. యామిని ఏడో తరగతికి వచ్చింది, నవ్వుతూ బడికి వెళ్తుంది, నాన్నకి మంచినీళ్ళు ఇస్తుంది. దానికి ఒక ఇల్లు ఉంది, ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. నా కాపురంలో నేను సాధించింది అదొక్కటే అనుకునేదాన్ని. దాన్ని కాపాడుకోవడానికి ఇంకా ఎన్ని చెంపలైనా ఇచ్చేదాన్ని.

నేను అమలాపురంలో ఒక డీటీపీ సెంటర్లో పని చేస్తాను. పెళ్ళిపత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు టైపు చేస్తాను. ఎవరెవరివో ఆనందాలూ ఏడుపులూ నా వేళ్ళ మీదుగానే వెళ్తాయి. పొద్దున్నే వండి, కారియర్లు కట్టి, అత్తగారికి ఇడ్లీ పెట్టి, గిన్నెలు తోమి, పరుగున వెళ్ళి బస్సెక్కుతాను. ఆడవాళ్ళకి టికెట్టు తీసేసిన దగ్గర్నుంచీ సీటన్నది లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలో ఫోను పట్టుకుని, ముందున్నామె జడ నోట్లోకి రాకుండా మెడ తిప్పుకుని నిలబడాలి. “ఉత్తినే ఎక్కించుకుంటున్నారని రోజూ ఊరేగుతోంది మహారాణి” అంటుంది మా అత్తగారు. ఆవిడకి ఊరేగింపు ఎప్పుడూ పల్లకీలోనే కనపడుతుంది.

ఆ బస్సులో నేను రోజూ మా ఆయన్ని చంపుతాను. మామిడికుదురు దాటేలోగా రోకలిబండతో మోదుతాను. పాశర్లపూడి వచ్చేసరికి పులుసులో ఏదో కలుపుతాను. వంతెన ఎక్కగానే వైనతేయ గోదావరిలోకి తోసేస్తాను. తోసి ఊరుకోను, జుట్టు మునిగేదాకా చూస్తాను. వంతెన దిగేసరికి ఆయన మళ్ళీ బతికి ఉంటాడు. రాత్రి చారులోకి ధనియాలు ఉన్నాయో లేదో అని నేనే ఆలోచిస్తూ ఉంటాను. చంపడం చేతకాక నాటిక రాయడం మొదలుపెట్టానంటే నమ్మండి.

రాయడం కూడా బస్సులోనే. ఇంట్లో కాగితం పట్టుకుంటే లెక్క చెప్పాలి. ఫోను నోటి దగ్గర పెట్టుకుని సంభాషణలు మెల్లిగా చెప్తే అదే రాసుకుంటుంది. ‘చెంప’ అంటే ‘చెంబు’ అని రాస్తుంది, సెంటర్లో కూర్చుని దిద్దుకుంటాను. మొగుడి మాట ఒక గొంతుతో, పెళ్ళాం మాట ఒక గొంతుతో చెప్పుకుంటూ అమలాపురం దాకా వెళ్ళేదాన్ని. పక్కవాళ్ళు పిచ్చిదనుకున్నా నాకు ఫరవాలేదు. ఆ కాసేపే నేను బతికున్నది.

రాజోలు నాటిక పోటీల ఆహ్వానం అచ్చు వేయించుకోవడానికి మా సెంటరుకి శివనాగరాజు గారు వచ్చారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు, అమలాపురంలో ఒక నాటక సమాజం నడుపుతారు. సిగ్గు విడిచి నా నాటిక ఆయన చేతిలో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి వెనకనుంచి “తులసి గారూ” అన్నారు. నా మోచెయ్యి దానంతటదే మొహానికి అడ్డం వచ్చేసింది. జుట్టు సవరించుకున్నట్టు నటించాను. ఆయన గమనించలేదు.

“భార్య పాత్ర ప్రాణంతో ఉందమ్మా. మొగుణ్ణే ఎక్కణ్ణించో అద్దెకి తెచ్చినట్టుందండీ. తాగొస్తాడు, ఒసేయ్ అని అరుస్తాడు, కర్ర తీస్తాడు. ఇలాంటోణ్ణి జనం చాలాసార్లు చూసేసేరు. కొట్టేముందు మనిషి ఎలా మాట్లాడతాడో మీరు వినలేదేమోనండీ.”

వినలేదట! నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ భయపడి దొంగ మొగుణ్ణి రాశాను. ఆ సాయంత్రం తిరుగు బస్సులో కర్ర తీసేశాను, తాగుడు తీసేశాను. ‘శ్రీమతి గారూ, ఒకసారి ఇలా దయచేస్తారా?’ అని ఫోనుకి చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే మా ఆయన గొంతులా వినపడింది. శివనాగరాజు గారు చదివారు. “ఇది వేద్దామమ్మా” అన్నారు. ప్రతి ఆదివారం రిహార్సలు పెట్టారు. ఇంట్లో ఆదివారాలు ఓవర్‌టైమ్ అని చెప్పాను.

ఇంతలో మా ఊరివాళ్ళెవరో బస్సులో నన్ను చూశారు. కృష్ణగారి భార్య దారిపొడుగునా ఫోనులో ఎవడితోనో గుసగుసలాడుతోందని మా అత్తగారికి చేరింది. ఆవిడ కొడుక్కి చేర్చింది.

నేను శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా ఆయన వీధి తలుపు వేశాడు. “తులసి గారూ, ఆ ఫోను ఒకసారి దయచేయండి” అన్నాడు. పిల్ల గదిలో టీవీ మోగుతోంది. ఇచ్చాను. ఆయన ఎవడి పేరో వెతుక్కుంటూ వెతుక్కుంటూ నాటిక దగ్గర ఆగాడు. చదివాడు, ఆదివారం రిహార్సలని శివనాగరాజు గారు పెట్టిన మెసేజీలు కూడా చదివాడు. పరాయి మగాడు దొరికి ఉంటే అంత కోపం వచ్చేది కాదేమో, అందులో తనే దొరికాడు.

జుట్టు పట్టుకుని గోడకి కొట్టాడు. కింద పడ్డాక కాలితో పక్కటెముకల మీద తన్నాడు, ఒకే చోట, మళ్ళీ మళ్ళీ. నోట్లో కొంగు ఉంది. ఊపిరి అందక కొంగు తడిసిపోయింది. ఆయన వంగి చెంప మీదికి చెయ్యి ఎత్తగానే మా అత్తగారు గుమ్మంలోంచి, “మొహం మీద వొద్దురా కిట్టయ్యా, రేపు బస్సెక్కాలి, నలుగురూ చూస్తారు” అంది. అది జాలి అని ఆవిడ అనుకుంటోంది.

“ఏ చేత్తో రాసేరండీ తమరు?” అని అడిగాడు మా ఆయన.

చేత్తో రాయలేదు, నోటితో రాశాను. అది చెప్తే నోరు పోతుంది. ఎడమ చెయ్యి చూపించాను. కుడిచేత్తో వండాలి, తినాలి. పిల్లకి జడ వెయ్యడానికి రెండు చేతులూ కావాలన్న సంగతి అప్పుడు తోచలేదు. ఎడమ చేతివేళ్ళు పడగ్గది గుమ్మానికి పెట్టి తలుపు వేశాడు. మొదటిసారి సరిగ్గా పడలేదని మళ్ళీ తీసి వేశాడు. ఎముక చప్పుడు టీవీ చప్పుడుని దాటి నాకు వినపడింది. నేను అరవలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ అరవకపోవడం మీదే నాకు ఎక్కువ కోపం.

“రేపెళ్ళి ఆ నాటకం ఆపేయించి మధ్యాహ్నం బస్సుకి వచ్చేయండి. అది ఎక్కడైనా ఆడిందంటే తమరు మళ్ళీ బస్సెక్కడానికి కాళ్ళుండవు” అన్నాడు. “పిల్లని కూడా తీసుకెళ్ళు. పిల్ల పక్కనుంటే వేషాలెయ్యవు” అంది మా అత్తగారు.

ఆదివారం పొద్దున్న యామిని నా దగ్గరికి రాకుండా జడ తనే వేసుకుంది. వంకరగా వచ్చింది. బస్సులో కండక్టరు నా చేతి గుడ్డ చూసి, “అయ్యో, ఏమైందండీ?” అన్నాడు. “తలుపులో పడిందండీ” అన్నాను. “చూసుకోవాలి కదండీ.” “ఆయ్” అన్నాను. అబద్ధం ఆడలేదు చూశారా, తలుపులోనే పడింది. యామిని కిటికీలోంచి బయటికి చూస్తోంది. నమ్మిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ రోజు వంతెన మీద ఎవర్నీ తోయలేదు. నాటిక ఆపేయమని ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. ఆపేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుందన్న ప్రశ్నని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

రిహార్సలు ఒక ట్యూషన్ సెంటరు హాల్లో. మేం వెళ్ళేసరికే మొదలైపోయింది. మొగుడి వేషం బుచ్చిరాజు గారిది, ఎప్పుడూ దుష్ట పాత్రలు వేస్తారు. పెళ్ళాం వేషం సువర్ణది. ఆయన మీసం దువ్వి, కళ్ళెర్రజేసి, “శ్రీమతి గారూ!” అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. అందరూ గొల్లుమన్నారు. సువర్ణ కూడా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“ఇక్కడ నవ్వొచ్చేస్తోందండీ” అన్నారు బుచ్చిరాజు గారు. “కొట్టేవాడు గారు అంటాడాండీ ఎక్కడైనా? ఈ మాట తీసేద్దామండీ.”

నేను ఆపేయమని చెప్పడానికే వచ్చాను. చెప్పడానికి అదే సమయం. కానీ ఆ నవ్వు విని నాకు ఒళ్ళు మండిపోయింది. నా పక్కటెముకలు, నా వేళ్ళు, నా నోట్లో కొంగు, అన్నీ ఆ మాటలో ఉంటే వీళ్ళు నవ్వుతున్నారు! చెప్పులు విడిచి మధ్యలోకి వెళ్ళాను.

“అరవకూడదండీ” అన్నాను. “చూడండి.”

గొంతు తగ్గించాను. ఎదుటి మనిషికి కుర్చీ చూపించబోతున్నంత నెమ్మదిగా, “శ్రీమతి గారూ, ఒకసారి ఇలా దయచేస్తారా?” అన్నాను. కుడికాలు ముందుకు వేశాను. సువర్ణ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. “అదండీ!” అన్నారు శివనాగరాజు గారు. “అచ్చం అదేనండీ!”

“కాదు” అంది యామిని.

వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. బళ్ళో తప్పు లెక్కని దిద్దేటప్పుడు మాట్లాడినట్టే, కొంచెం చిరాగ్గా, మామూలుగా అంది.

“అలా కాదమ్మా. నాన్న అప్పుడు నవ్వుతారు.”

నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. నా నోరు కొంగు కుక్కినట్టే అయిపోయింది. అది నా వైపు చూడకుండా మిగతా మాట కూడా చెప్పేసింది.

“నువ్వు కిందకి చూస్తావు కదా, నీకు తెలీదు. తలుపు సందులోంచి నాకు మొహం కనపడుతుంది.”

నేను చెంపలు ఇచ్చి కొన్నదేదీ నా దగ్గర లేదని అప్పుడు తెలిసింది. దాని వంకర జడ విప్పి, కుడిచెయ్యీ పనికొచ్చే రెండు వేళ్ళూ కలిపి మళ్ళీ అల్లాను. అల్లుతున్నంతసేపూ సువర్ణ పక్కన నిలబడి రిబ్బను పట్టుకుంది. బుచ్చిరాజు గారు తల వంచుకుని తన కాగితాలు చూసుకుంటున్నారు. నా చేతి గుడ్డ కేసి ఇప్పుడు అందరూ చూస్తున్నారు. నేను దాచుకోలేదు.

“శివనాగరాజు గారూ” అన్నాను, “మొగుడి వేషం నేను వేస్తానండీ. నాటిక చివర కూడా మార్చాలండీ.”

“చివరేం బాలేదనమ్మా? ఆవిడ కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించడానికి లోపలికెళ్తుంది. జనం ఏడుస్తారు.”

“వెళ్ళదండీ.”

“మరెక్కడికెళ్తుందండీ?”

“అది ఇంకా రాయలేదండీ. ఆ ఇంట్లోకి మాత్రం కాదు” అన్నాను, యామిని చెయ్యి పట్టుకుని.