వాల్వు తిప్పిన చెయ్యి

ట్యాంకులో చేపలన్నీ బతికే ఉన్నాయి, కానీ వాటిలో ఒక్కటి కూడా తనది కాదని మూత ఎత్తిన మరుక్షణమే ట్యాంకమ్మకు తెలిసిపోయింది.

ఇంకొకరైతే నవ్వేవాళ్లే. వేలెడు పొడవు వెండి చేపలు, అన్నీ ఒకే అచ్చు. కానీ కవలల్ని కన్న తల్లికి ఎవరు ఎవరో ఇంకొకరు చెప్పాలా? తన చేపలు గానుగెద్దుల్లా ఒకే వైపు, ఒకే వరసలో తిరిగేవి. ఇవి సంతలో తప్పిపోయిన పిల్లల్లా తలో దిక్కుకీ పరుగెడుతున్నాయి. గోడకు కొట్టుకుని మూతులు ఎర్రబడ్డాయి. వీపుల మీద అక్కడక్కడా పొలుసు లేచిపోయింది. నిన్నో మొన్నో వలలో పడ్డ పచ్చి సరుకు.

మూత పక్కకు ఆనించి, మళ్లీ వంగి చూసింది.

జెట్టీలో గాలం పడవలన్నిటికీ బతికున్న ఎర కావాలి. నడిసముద్రంలో పెద్ద చేప చచ్చిన ఎర వైపు కన్నెత్తి చూడదు. అప్పుడే పట్టిన చిన్న చేపల్ని పడవెక్కిస్తే వేటచోటు చేరేలోపే సగం వెల్లకిలా తేలతాయి. అందుకే వాటిని గుండ్రటి ట్యాంకులో ఉంచి, సముద్రపు నీళ్లు పారిస్తూ, రోజుల తరబడి రాటుదేల్చాలి. ఆ పనిలో ఆమెకు ఎదురు లేదు కాబట్టే జెట్టీ అంతా అసలు పేరు మరిచిపోయి ట్యాంకమ్మ అంటుంది.

ఈ ఉదయమే గాలం పడవలన్నీ నడిపించే పెద్ద సరంగు వస్తున్నాడు. ఈ సీజనంతా ఎర ఆమె దగ్గర తీసుకోవాలా, పక్క షెడ్డు వ్యాపారి తెల్లచొక్కా దగ్గరా అన్నది ఇవాళ తేలిపోతుంది. పడవలు ఎవరి వైపుంటే నీటి ఒడ్డు చోటు వాళ్లది. రెండోవాళ్లు షెడ్డుకు తాళం వేసుకోవడమే.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

టీ ఫ్లాస్కుతో వస్తున్న మొగుడు గుమ్మంలోనే ఆగాడు. "చచ్చాయా?"

"బతికే ఉన్నాయి."

"మరి ఆ ఏడుపు మొహం ఎందుకే?"

"ఇవి మనవి కావు."

అతను ట్యాంకులోకి తొంగిచూశాడు. "నాకు అన్నీ మా పెద్దమ్మ పిల్లల్లాగే కనిపిస్తున్నాయి. ఏది ఏదో ఎప్పుడూ తెలీదు."

"వేళాకోళం కాదండీ. ఎవరో మార్చేశారు."

అతని మొహంలో నవ్వు ఇంకిపోయింది. ఫ్లాస్కు కింద పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. "తెల్లచొక్కా పనే. పద, వాడి గల్లా పట్టుకుందాం."

తెల్లచొక్కా పదిమందితో చేపల వ్యాపారం చేయించే మనిషే గాని, తన చొక్కా మీద ఇన్నేళ్లలో ఒక్క పొలుసు అంటించుకోలేదు. ఆ పేరు అందుకే వచ్చింది. నీటివైపు మెట్లకు తలుపు లేదు, పడవ కట్టి ఎవరైనా లోపలికి రావచ్చు. అంతా సరిపోయింది. అయినా ఆమె కదల్లేదు. వంగి నేలంతా వెతికింది.

"ఏం పోయింది?"

"పొలుసు. ఒక్కటీ లేదు."

తెల్లచొక్కా మనుషులు చేపల్ని కంకర తోడినట్టు తోడతారు. వాళ్ల షెడ్డు నేల వెండి పూత పూసినట్టు ఉంటుంది. ఇక్కడ గచ్చు అద్దంలా ఉంది. అంటే వల వాడలేదు, పొడి చెయ్యి తగలనివ్వలేదు. నీళ్లతో సహా బకెట్టులో ముంచి, అంచు నీటిలోనే వంచి వదిలారు.

అప్పుడు చెవికి ఇంకొకటి తగిలింది. నీళ్ల చప్పుడు తగ్గింది. పైపు దగ్గరికి వెళ్లి వాల్వు చూసింది. రాత్రి తను వదిలిన చోట లేదు. బాగా బిగించి ఉంది. కొత్త చేపలు జోరు నీటికి ఎదురీదలేక సొమ్మసిల్లుతాయి, వాటికి మెల్లటి నీళ్లే పెట్టాలి. ఇందాక మూత ఎత్తేటప్పుడు పక్కకు లాగిన తడి గోనెసంచి కూడా తను పరిచింది కాదు. చీకటిగా ఉంటే వాటి బెదురు తగ్గుతుంది.

దోచుకోవడానికి వచ్చినవాడు, వదిలి వెళ్లేవాటికి దుప్పటి కప్పి, జోకొట్టి మరీ వెళ్లాడు.

"ఇంత మర్యాదస్తుడైన దొంగని నేనెక్కడా చూడలేదు" అన్నాడు మొగుడు.

ఆమె వాల్వు మీంచి తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఈ పని ఇంత పద్ధతిగా తెలిసినవాళ్లు ఈ జెట్టీలో ఎందరు? అతను ఆమె చూపు పట్టుకుని రెండు చేతులూ ఎత్తాడు. "నా వైపు చూడకు. నేను చెయ్యి పెడితే చేపే ముందు కేకేస్తుంది."

అది నిజమే. అతన్ని తీసేస్తే మిగిలింది తను. ఇంకా, తనకు నేర్పిన మనిషి.

ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టింది. నాన్న పోయాక భుజాన వేసుకుని పెంచిన బాబాయి. ముందు చేతులు తడుపుకోమ్మా, తరవాతే చేప, అంటూ తన చిన్న చేతుల్ని నీళ్లలో ముంచిన బాబాయి. ఛ, అనుకుంది. కానీ కళ్లు మళ్లీ ఆ వాల్వు మీదికే పోయాయి.

సరంగు రానే వచ్చాడు. "ఏం చెల్లెమ్మా, పెళ్లికూతుళ్లు సిద్ధమేనా?" అంటూ ట్యాంకు అంచు పట్టుకుని వంగాడు. నవ్వు సగంలో ఆగింది. "నిన్న చక్రంలా తిరిగాయే ఇవి."

ఒక్క అబద్ధం చాలు. పొద్దున్నే బెదిరాయి, పడవెక్కితే సర్దుకుంటాయి అంటే నమ్ముతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వీటిని తీసుకెళ్లకండి సరంగు గారూ" అంది. "సగం దారిలో చస్తాయి. నిన్న మీరు చూసినవి ఇవి కావు."

"దొంగలు పడ్డారా? ఎవరో చెప్పు, నేను చూసుకుంటా."

పేరు చెబితే జెట్టీ జెట్టీ అంతా ఆ ముసలాయన చుట్టూ మూగుతుంది. అసలు తన అనుమానం తప్పైతే? "ఇంటి సంగతి. తేల్చుకుని చెబుతాను."

సరంగు ట్యాంకు అంచు వదిలాడు. "నీ మాట మీద నాకు గురే చెల్లెమ్మా. కానీ నువ్వు తేల్చుకునేదాకా సముద్రం ఆగదు గదా" అని వెళ్లిపోయాడు.

ఆమె గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయింది. పక్క షెడ్డు ముందు పడవలు బారులు తీరాయి. బకెట్ల లోంచి పడవ తొట్టెల్లోకి జారిన చేపలు, జారిన వెంటనే వరస కట్టి తిరగడం మొదలుపెట్టాయి. ఎవరో ఈల వేశారు. తెల్లచొక్కా చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. తన పిల్లలు తన కళ్లముందే ఇంకొకడి ఇంటిపేరుతో సాగిపోతున్నారు. నోరు తెరిస్తే ఇంటి గుట్టు రచ్చకెక్కుతుంది. మూసుకుంటే షెడ్డు పోతుంది. మూసుకునే ఉంది.

పడవలు కనుమరుగయ్యాక బాబాయి వచ్చాడు. రోజూలాగే భుజం మీద తువ్వాలు, చేతికర్ర. ఆమె మొహం వైపు చూడలేదు. తిన్నగా పైపు వైపు చూశాడు.

"నీళ్లు పెంచలేదు కదా అమ్మాయ్? ఇప్పుడే పెంచకు. అవింకా కుదురుకోలేదు."

మొగుడే నెమ్మదిగా అడిగాడు. "ఏవి కుదురుకోలేదు మామయ్యగారూ? మేం మీకింకా ఏమీ చెప్పలేదే."

ముసలాయన చేతికర్ర గోడకు ఆనించాడు.

"బాబాయ్" అంది ఆమె. "కాదని ఒక్క మాట చెప్పు. నమ్ముతాను."

ఆయన ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలుతో, పొడిగానే ఉన్న చేతులు తుడుచుకున్నాడు.

"నేనే మార్చాను. తెల్లచొక్కా పడవ తెచ్చి మెట్లకు కట్టాడు. వాడి మనుషుల్ని ఒక్కణ్ణీ చెయ్యి పెట్టనివ్వలేదు, ప్రతి బకెట్టూ నేనే ముంచాను. వాడి దగ్గర పైసా తీసుకోలేదు, నమ్మితే నమ్ము. పోయిన నెల సరంగు వచ్చినప్పుడు నేను ఆ వలల వెనకాలే ఉన్నానమ్మా. మా బాబాయివన్నీ పాతకాలం పద్ధతులు, ఆయన్నిప్పుడు ట్యాంకు దగ్గరికి రానివ్వడం లేదు అన్నావు. నవ్వుతూ అన్నావు. మర్నాడు గేటు దగ్గర కుర్చీ వేయించి, చల్లగాలి తగులుతుంది కూర్చో బాబాయ్ అన్నావు. కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లకి దారి చెప్పాను. ఒకరోజు తెల్లచొక్కా ఆ కుర్చీ దగ్గర ఆగి, మా చేపలు గోడకు కొట్టుకుంటున్నాయి, కాస్త వచ్చి చూసిపెడతారా అన్నాడు. చూసిపెడతారా అన్నాడు, విన్నావా? వాడు దొంగని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. ఇవాళ సరంగు ముందు నువ్వు తలొంచుకోవాలనే చేశాను, వేరే ఉద్దేశమేం లేదు. ఈ కొత్త చేపలు నాకేం చేశాయి చెప్పు? వాటి కోసమే నీళ్లు తగ్గించాను."