ఎవరి చేతికో గుచ్చిన సూది

స్కూలు వ్యాన్ నడిపే ఆవిడని పిల్లలంతా బ్రేకమ్మ అనేవారు. పిల్లి అడ్డొచ్చినా ఆపుతుంది, గాలికి కాగితం ఎగిరొచ్చినా ఆపుతుంది మరి. రోజూ పొద్దున్నే అద్దాలు తుడిచి, సీట్ల కింద పడ్డ పెన్సిళ్లు ఏరి, అప్పుడుగానీ బండి తీసేది కాదు. ఒకరోజు అలా పెన్సిళ్లు ఏరుతుంటే ఎడమ చెయ్యి చురుక్కుమంది. చూసుకుంటే మోచేతి లోపలివైపు పక్కపక్కనే రెండు సూదిగాట్లు, చుట్టూ కమిలిన చర్మం.

సాయంత్రం భర్తకి చూపించింది. ఆయన వడ్రంగి. రంపం పక్కన పెట్టి, ఆవిడ చేతిని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఇవి ఇంకెవరికో గుచ్చిన సూదులే. నీ పేరు మీద ఎవరో వైద్యం చేయించుకుంటున్నారు. కార్డు ఎవరికైనా ఇచ్చావా?"

అప్పుడు గుర్తొచ్చింది. బీమా ఆఫీసు నుంచంటూ ఒకమ్మాయి ఫోన్ చేసి, అమ్మా అమ్మా అని ఎంతో మర్యాదగా మాట్లాడింది. బీమా ఆగిపోతుందనగానే గాభరాపడి గుర్తింపు కార్డు ఫోటో పంపేసింది. ఫోన్‌కి వచ్చిన అంకెలు కూడా చదివి చెప్పింది. ఆ తర్వాత "మీ డయాలసిస్ పూర్తయింది" అని ఏదో ఆస్పత్రి నుంచి మెసేజ్ వస్తే, ఎవరిదో మనకొచ్చిందిలే అని చెరిపేసింది.

గాట్లు మానేలోపే కొత్తవి పడేవి. ఆవిడ పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని బండి నడిపింది. కానీ డ్రైవర్లకి ఏటా జరిగే వైద్య పరీక్ష వచ్చింది. కంప్యూటర్‌లో ఆవిడ పేరు కొట్టగానే రెండు కిడ్నీలూ పోయినట్టు చూపించింది. అది నేను కాదండీ అంది. డాక్టరు చొక్కా చెయ్యి పైకి మడవమన్నాడు. గాట్లు చూసి, ఇవి డయాలసిస్‌వే కదా అన్నాడు. రక్తం పరీక్ష చేస్తే అంతా బాగానే ఉంది, అయినా రికార్డు మారేదాకా పిల్లల్ని ఎక్కించుకోకూడదని రాసేశాడు. వ్యాన్ వేరే అతని చేతికి వెళ్లింది. ఆ పిల్లల తల్లుల్లో తనూ ఒకతై ఉంటే ఇలాంటి డ్రైవరు వద్దనే అనేదాన్నని అనిపించి, బ్రేకమ్మ ఎవరితోనూ పోట్లాడలేకపోయింది.

మొగుడూ పెళ్లాం తిరగని చోటు లేదు. పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చారు. కార్డు లేనివాళ్లకి ఇలా ఇంకొకరి కార్డులు అమ్మే ముఠాలున్నాయని వాళ్లు చెప్పారు. ఫిర్యాదు కాపీ బీమా కంపెనీకి ఇచ్చారు. కార్డుల ఆఫీసుకి పోయి, తను ఫోన్‌లోంచి తెరిస్తే తప్ప ఆ నెంబరు ఎక్కడా పనిచేయకుండా తాళం వేయించారు. ఆ తర్వాత కొత్త గాటు పడలేదు. రికార్డు సరిచేయించుకోవడానికి చివరికి ఆస్పత్రికి వెళ్లారు. ఆ మనిషి ఎదురుపడితే జుట్టు పట్టుకుని ఈడ్చాలనే ఆవిడ బయల్దేరింది.

డయాలసిస్ గదిలో నర్సు ఆవిడ పేరు విని కాసేపు మొహంలోకి చూసింది.

"ఈ పేరుతో వచ్చే ఆమె, పిలిస్తే వెంటనే లేచేది కాదమ్మా. చెవుడేమో అనుకునేవాళ్లం," అంది. "మొన్న కార్డు మెషిన్‌లో పనిచేయలేదు. ఆమె దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయింది."

"ఇది చేయించుకోకపోతే?"

"పది పదిహేను రోజులమ్మా, అంతే," అంది నర్సు.

బయట మెట్ల మీద కూర్చుని బ్రేకమ్మ ఫోన్ తీసింది. తెరిస్తే మళ్లీ మొదటికొస్తుందని, వ్యాన్ ఇక దక్కదని భర్త నచ్చజెప్పాడు. ఆవిడ విన్నది, విని తాళం తీసేసింది. తీశానని నర్సుకి చెప్పి, ఆమె కనబడితే రమ్మనండి అంది. ఆస్పత్రిలో ఆ రోగి రాయించిన చిరునామా కూడా బ్రేకమ్మదే. ఎక్కడని వెతుకుతారు?

ఇంటికొచ్చి చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుంది. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా చెయ్యి చూసుకునేది. చురుక్కుమంటుందేమోనని ఎదురుచూసేది. గాటు పడలేదు. పాతవి ఎండి, పొరలు రాలి, ఒక ఉదయానికి ఆ చెయ్యి పసిపిల్ల చెయ్యిలా నున్నగా అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. రికార్డు సరిచేశారట, ఇక పనికి వెళ్లొచ్చట. భర్త ఊపిరి పీల్చుకుని, ఇంక నీ పేరు నీదేనే అన్నాడు.

"ఆమె పేరేంటో మనకి తెలీదు," అంది బ్రేకమ్మ.