పక్కన లేచిన మేడ

నేను ఒక రాతి బురుజుని. ఫ్రాన్సు దేశపు నైరుతి మూల, ద్రాక్షతోటల నడుమ ఒక గుట్ట మీద ఆరున్నర శతాబ్దాలుగా నిలబడి ఉన్నాను. చూడవచ్చినవాళ్లు నన్నూ, నా పక్కనున్న మేడనూ కలిపి ఒకటే కోట అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోటంటే నేను. అది తర్వాత వచ్చి చేరింది.

ఇంగ్లీషు సైన్యాలు ఊళ్లు తగలబెడుతున్న రోజుల్లో నన్ను కట్టారు. మనిషి పొడవుకు మించిన మందంతో గోడలు. బాణం దూరేంత సందులే కిటికీలు. రెండుసార్లు ముట్టడి జరిగితే ఊరు ఊరంతా ఆవులతో, మేకలతో సహా నా కడుపులోనే తలదాచుకుంది. దొరల ఇంట ఐదు తరాల పిల్లలు నాలోనే పుట్టారు.

యుద్ధాలు ఆగాక ఇజబో అనే కొత్త పెళ్లికూతురు కాపురానికి వచ్చింది. గుమ్మం దాటగానే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఇది ఇల్లా, నుయ్యా? పట్టపగలు దీపం పట్టుకు తిరగాలా నేను?" అని మొగుణ్ణి నిలదీసింది.

ఆరేళ్లు తిరిగేసరికి నా తూర్పు వైపున, నన్ను ఆనుకుని మేడ లేచింది. నిలువెత్తు కిటికీలు, పూలు చెక్కిన మెట్లు. సామానంతా అటు మోశారు. ఊయల కూడా పట్టుకెళ్లారు. నాకు ఉల్లిపాయల బస్తాలు, పావురాలు మిగిలాయి. పొద్దుటి ఎండ దానికి. దాని నీడ నాకు.

విప్లవం వచ్చినప్పుడు జనం గునపాలతో గుట్ట ఎక్కారు. ఇక దాని పని అయిపోయిందనుకున్నాను. వాళ్లు దొరతనానికి గుర్తని నా పై అంతస్తు పడగొట్టి, మేడలోకి వెళ్లి నాట్యం చేశారు. శత్రువులకు కూడా అదే ముద్దు!

చివరికి ఒక మార్చి నెల మధ్యాహ్నం మేడ పొగగొట్టంలో మసికి నిప్పంటుకుంది. సాయంత్రానికి కప్పు కూలింది. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది.

అప్పటి యజమానురాలు క్లోతీల్ద్, డెబ్బై దాటిన వితంతువు, మంచం, రెండు కుర్చీలు తెచ్చుకుని నాలో కాపురం పెట్టింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత మళ్లీ నాలో పొయ్యి వెలిగింది, సూప్ వాసన వేసింది. కానీ ఆవిడ కుర్చీ ఎప్పుడూ నా సందు కిటికీ దగ్గరే. పొద్దస్తమానం ఆ మొండిగోడల్నే చూస్తూ కూర్చునేది. అది కాలిపోయీ నన్ను గెలిచింది.

ఏప్రిల్‌లో తాపీమేస్త్రీ ఫిర్మాన్ వచ్చాడు. మేడ గోడలు పడగొట్టి ఆ రాళ్లతో నన్ను బాగుచేయాలని మాట. నేను అతని గునపం కోసం ఎదురుచూశాను. అతను ముందు నా పునాది దగ్గర గొయ్యి తవ్వాడు, గోడ వెంట గుండు కట్టిన తూకపు దారం వదిలి చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"దొరసానిగారూ, పని ఆపేద్దామండి."

"ఏమైంది ఫిర్మాన్?"

"ఈ బురుజు తూర్పుకి ఒరిగిపోయి ఉందండి. కింద మట్టి ఎప్పుడో జారిపోయింది. ఆ మేడ గోడే దీన్ని మోస్తోంది. అది తీశామా, ఇది వానాకాలం దాకా కూడా ఆగదు."

"ఎన్నాళ్ల బట్టి మోస్తోంది?"

"మేడ కట్టిన కాణ్ణించీ అయ్యుంటుందండి."

క్లోతీల్ద్ ఆ మొండిగోడ వైపు తిరిగింది. తర్వాత, "అయితే ఆ గోడకే ముందు సున్నం పట్టించు" అంది.

నన్ను బాగుచేయడానికి వచ్చిన మనిషి ఆ వేసవంతా దాన్ని బాగుచేశాడు. దాని పగుళ్లు పూడ్చాడు, గోడ నెత్తిన పెంకులు కప్పాడు. ఇప్పుడు దాని మీదికి గులాబీ తీగ పాకింది. వచ్చినవాళ్లు దాని ముందే నిలబడి ఫోటోలు తీసుకుంటారు, నా ముందు కాదు.

ఈర్ష్య పోయిందా అంటారేమో. పోలేదు. కానీ పడమటి గాలి గట్టిగా వీచిన ప్రతిసారీ, నా రాళ్ల సంగతి చూసుకోకముందే, ఆ గోడ నిలిచిందా లేదా అని చూస్తాను.